అచ్చొచ్చినవాడు

తొమ్మిదేళ్ళప్పుడు నేనొక క్రికెట్ జట్టుకి తాయెత్తుగా పనిచేశాను. జీతం లేదు. గెలిచిన రోజు రెండు బరాలు, అంటే మన గారెల్లాంటివి, దొన్నెలో కాస్త ఘుగుని అనే బఠాణీ కూర. ఓడిన రోజు ఏమిస్తారో ముందు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మాది బరంపురం. ఒడిశాలో గంజాం జిల్లా. ఎప్పుడో రాజుల కాలంలో నేతపని కోసం ఆంధ్ర నుంచి ఇటొచ్చి ఉండిపోయిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి, వాటిలో మాదొకటి. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, వీధిలో రెండూ కలిపి నూరిన పచ్చడి. కోపమొస్తే తెలుగులో తిట్టుకునేవాళ్ళం. స్కోరు మాత్రం ఒడియాలో లెక్కపెట్టేవాళ్ళం, ఎక్కాలు ఆ భాషలోనే వచ్చు కాబట్టి. నాన్న గుంట మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. అంచు పొడుగునా గుడి గోపురాల వరసలా కుంభాలు వచ్చే బరంపురం పట్టు. ఆ మగ్గం చప్పుడు ఆగిందంటే ఇంట్లో ఏదో జరిగిందని అర్థం.

జట్టు అన్నయ్యది. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. వానలు తగ్గాక ఎండిపోయే చెరువులో ఆడేవాళ్ళు. 1982 దీపావళి ముందు ఒక ఆదివారం అన్నయ్యకి అన్నం క్యారేజీ ఇచ్చి రమ్మని అమ్మ నన్ను పంపింది. నేను వెళ్ళేసరికి ఏడు వికెట్లు పోయాయి, ఇంకా ముప్ఫై పరుగులు కావాలి. గట్టు మీద వేపచెట్టు కింద ఒక ఇటుక పడి ఉంటే దాని మీద కూర్చున్నాను. అన్నయ్యా, ఎప్పుడూ రెండు బంతులకి మించి ఆడని ఇంకొకడూ కలిసి ఆ ముప్ఫై కొట్టేశారు. మరుసటి ఆదివారం కూడా క్యారేజీ పట్టుకెళ్ళాను. మళ్ళీ గెలిచారు. మూడో వారం నాకు జ్వరం. ఓడిపోయారు.

అంతే, పరిశోధన పూర్తయింది. "వీడు మనకి అచ్చొచ్చాడ్రా" అని వికెట్ కీపరు తేల్చేశాడు. సాయంత్రం ఇంటికొచ్చి, దుప్పటి కప్పుకుని పడుకున్న నా నుదురు ముట్టుకుని చూసి, వచ్చే వారానికి తగ్గుతుందా అని అమ్మని అడిగాడు. నా ఆరోగ్యం మీద బయటివాళ్ళకి అంత శ్రద్ధ పుట్టడం అదే మొదలు, చివర కూడా.

అచ్చిరావడం. ఈ మాటకి సరైన ఇంగ్లీషు ముక్క నాకు ఇప్పటికీ దొరకలేదు. ఇల్లు అచ్చొస్తుంది, పేరు అచ్చొస్తుంది, కొన్న గేదె అచ్చొస్తుంది, కోడలు అచ్చొస్తుంది. మా నాన్న దగ్గర చీరలు కొనే షావుకారు పొద్దున్నే ఒక ముసలాయన్ని పిలిపించి ఆయన చేత రూపాయి బోణీ చేయించుకునేవాడు. ఆయనకి రోజూ ఒక టీ ఉచితం. మా ఇంట్లో కొత్త పడుగు ఎక్కించే రోజు మూడిళ్ళ అవతల ఉండే పెద్దమ్మ వచ్చి పసుపు రాసి ముట్టుకుంటే గానీ నాన్న గుంటలో కాలు పెట్టేవాడు కాదు. ఆవిడ చెయ్యి మంచిదట. ఒకరి చెయ్యి మంచిది, ఒకరి కాలు మంచిది, ఒకరి ముఖం మంచిది. మనిషిని ముక్కలు చేసి ఒక్కో ముక్కకి మార్కులు వేయడంలో మనవాళ్ళని మించినవాళ్ళు లేరు. నాలో ఏ ముక్క మంచిదో జట్టు తేల్చుకోలేకపోయింది. అందుకని మొత్తంగా తెచ్చి కూర్చోబెట్టేవాళ్ళు.

రూల్సు కూడా పుట్టాయి. అదే ఇటుక. అదే నీలం గళ్ళ చొక్కా, ఉతకకూడదు. మన బ్యాటింగప్పుడు కాళ్ళు ముడుచుకోవాలి, బౌలింగప్పుడు చాపుకోవచ్చు. ఒంటేలుకి వెళ్ళాలంటే ఓవరు అయ్యేదాకా ఆగాలి. చొక్కా సంగతి తెలిసి అమ్మ అన్నయ్య వీపు మీద ఒకటి వేసింది గానీ ఆదివారం పొద్దున దాన్ని మళ్ళీ దండెం మీంచి తీసి ఇచ్చిందీ అమ్మే. అవతలి వీధి జట్టు ఊరుకుంటుందా? వాళ్ళ బౌలరు ఠాకురాణి అమ్మవారి గుళ్ళో మందారపువ్వు జేబులో వేసుకొచ్చేవాడు. ఒకసారి వికెట్ల వెనక మట్టిలో పాతిన నిమ్మకాయ దొరికింది. అది వాళ్ళ పనేనని మావాళ్ళు, మా పనేనని వాళ్ళు. మ్యాచ్ సగంలో ఆగి, నిమ్మకాయని ఎవరు తీసి పారేయాలన్న దాని మీద అరగంట గొడవ నడిచింది. చివరికి నన్నే తీయమన్నారు. అచ్చొచ్చినవాడికి ఏమీ కాదట.

బరంపురం పిల్లలకి ఇదంతా వింతేమీ కాదు. రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. అమ్మవారు పుట్టింటికొచ్చినట్టు లెక్క. మొక్కుకున్నవాళ్ళు ఒళ్ళంతా పసుపు, నలుపు రంగులు పూసుకుని పులివేషం కట్టి వీధుల్లో ఆడతారు. చిన్నప్పుడు ఆ పులిని చూసి నేను ఏడుస్తుంటే అమ్మ నన్ను వెనక్కి లాగాల్సింది పోయి, పులి ముందుకి తోసి, దాని చెయ్యి నా నెత్తిన పెట్టించింది. భయం పోతుందని. పోయిందో లేదో గుర్తులేదు గానీ, భయపెట్టేదాని చేతనే కాపాడించుకోవాలన్న పాఠం మాత్రం అక్కడే మొదలైంది.

ఆ చలికాలమే ఢిల్లీలో ఏషియాడ్, అంటే ఆసియా క్రీడలు. నవంబరు 19 నుంచి డిసెంబరు 4 దాకా. దాని గుర్తు అప్పు అనే ఏనుగుపిల్ల. నా పక్కన కూర్చునే కుర్రాడి నోటుపుస్తకం అట్ట మీద నవ్వుతూ ఉండేది. మా జట్టు నన్ను కూడా అప్పూ అని పిలవడం మొదలుపెట్టింది. నేనప్పుడు ఈనుపుల్లలా ఉండేవాణ్ణి, అదే వాళ్ళకి నవ్వు. ఆ బొమ్మ వెనక నిజం ఏనుగు ఒకటుందని, పేరు కుట్టినారాయణన్ అని, గురువాయూరు దేవస్థానానిదని చాలాకాలం తర్వాత తెలిసింది. పాపం, ఆటలయ్యాక ఎక్కడో సెప్టిక్ ట్యాంకులో పడి కాలు విరగ్గొట్టుకుంది. ఆ కాలు మళ్ళీ బాగుపడలేదు. 2005లో చనిపోయింది. దేశమంతటికీ శుభం పలికిన ఏనుగు కుంటుకుంటూ బతికిందని చదివినప్పుడు ఆ నోటుపుస్తకం అట్ట గుర్తొచ్చింది.

మావాళ్ళు వరసగా ఆరు గెలిచారు. నా దొన్నెలో బరాల సంఖ్య మూడుకి పెరిగింది. సంక్రాంతికి పెద్ద మ్యాచ్. ఎండుచెరువు గట్టు మీద నాలుగు వీధుల జనం. నేను చొక్కా, ఇటుక, కాళ్ళు అన్నీ సరిగ్గా పెట్టుకున్నాను. అన్నయ్య మొదటి బంతికే అవుటయ్యాడు. నలభై ఒక్క పరుగులకి అందరూ అయిపోయారు.

ఎవరూ ఏమీ అనలేదు. కిట్టు సర్దుకుంటూ ఒక్కొక్కరూ నావైపు చూశారు. ఆ చూపులు నాకింకా గుర్తున్నాయి. దారిలో అన్నయ్య నాలుగడుగులు ముందు నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "వచ్చే వారం నువ్వు రావద్దులే."

ఇంటికొచ్చి ఏడిస్తే మామ్మ పట్టించుకుంది. మామ్మ నాన్నకి అమ్మ. నాన్న ఒళ్ళో బిడ్డగా ఉండగానే తాతయ్య పోయాడట. మా ఇంట్లో ఎవరు పని మీద బయల్దేరుతున్నా మామ్మ తనంతట తనే వంటింట్లోకి వెళ్ళిపోయేది. పెళ్ళిచూపులకి, పరీక్షకి, సంతకి, దేనికైనా సరే. చెప్పులు వేసుకునే చప్పుడు వినపడితే చాలు, చేస్తున్న పని ఆపి లేచేది. ఎదురు రాకూడదని. ఎవరో వెళ్ళమన్నట్టు నేనెప్పుడూ చూడలేదు. చెప్పాల్సిన అవసరం లేనంతగా అలవాటైపోయింది.

"ఏటైందిరా?" అంది. చెప్పాను. 

"మొన్న దాకా నీ కాలు మంచిదన్నారు. ఇయాల కాదన్నారు. కాలు అదే కదరా" అంది.

అనేసి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాన్న చెప్పులు వేసుకుంటున్నాడు, షావుకారు దగ్గరికి చీరలు తీసుకెళ్ళడానికి.

ఇక్కడ కాస్త పక్కకెళ్తాను. జట్టుకి కలిసొస్తుందని పెట్టుకునే మనిషినో, జంతువునో, బొమ్మనో ఇంగ్లీషులో మాస్కాట్ అంటారు. ఆ మాట నాకు కాలేజీ రోజుల దాకా తెలీదు. మస్కట్ తెలుసు. శ్రీకాకుళం వైపు చుట్టాలు కొందరు పనికెళ్ళి డబ్బు పంపే ఊరు. ఈ రెండోది ఏమిటా అని లైబ్రరీలో లావుపాటి నిఘంటువు తీస్తే, అక్కడ మా మామ్మ కనిపించినంత పనైంది. ఆ మాట ఫ్రాన్సు దక్షిణాన ప్రొవాన్సు ప్రాంతపు పల్లె భాషలోది. అక్కడ మాస్కో అంటే మంత్రగత్తె. మాస్కోటో అంటే ఆవిడ వేసే మంత్రం, కట్టే తాయెత్తు. అంటే స్టేడియంలో గంతులేసి పిల్లలతో ఫోటోలు దిగే ఆ మెత్తటి బొమ్మలన్నిటికీ మూలపుటమ్మమ్మ ఊరవతల ఉండే ఒక మంత్రగత్తె.

ఆ పల్లెమాట లోకం మీద పడింది ఒక సంగీత నాటకం వల్ల. ఎడ్మండ్ ఓద్రాన్ అనే ఆయన కట్టిన 'లా మాస్కోట్' 1880 డిసెంబరు చివర్లో పారిస్‌లో ఆడింది. కథ చూడండి. రొక్కో అనే రైతుకి ఏది పట్టినా మట్టే. అతని అన్న ఇంట్లో మాత్రం పట్టిందల్లా బంగారం. ఆ అన్న జాలిపడి టర్కీ కోళ్ళు కాసే బెత్తినా అనే పిల్లని తమ్ముడి ఇంటికి పంపిస్తాడు. ఆ పిల్ల ఎక్కడుంటే అక్కడ అదృష్టం. సంగతి తెలిసిన రాజుగారు ఆ పిల్లని కోటకి పట్టుకుపోతాడు. పెళ్ళయితే మహిమ పోతుందని నమ్మకం, కాబట్టి ఆమె ప్రేమించినవాడితో పెళ్ళి కాకుండా అందరూ కాపలా. నాటకం హాస్యానికే రాశారు. నాకు మాత్రం అది మన పెళ్ళిళ్ళ కథలా అనిపించింది. కోడలు కాలుపెట్టిన ఏడాది గేదె చచ్చిపోతే ఆ పిల్ల ఏం వినాల్సొస్తుందో, కొడుక్కి ఉద్యోగం వస్తే అదే పిల్లకి ఏ గాజులు వస్తాయో తెలియని ఇల్లు మావైపు లేదు. పారిస్ జనం ఆ నాటకాన్ని విరగబడి చూశారు. ఏడాది తిరక్కుండా మాట ఇంగ్లీషులోకి దిగింది. మంత్రగత్తె పోయి మంత్రం మిగిలింది.

పోయిందని అనడం కూడా తొందరే. మా గంజాం దాటి రాయగడ, కోరాపుట్ కొండల వైపు వెళ్తే ఇప్పటికీ ఎవరికో జ్వరమొచ్చి తగ్గకపోతే చిల్లంగి పెట్టిందని ఒక ఒంటరి ఆడమనిషి మీదకి ఊరు వెళ్ళిన వార్తలు పేపర్లో కనిపిస్తాయి. అలాంటివి ఆపడానికి ఒడిశాలో 2013లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది.

సరే, ఆటల సంగతి. అమెరికా బేస్‌బాల్ జట్లు ఈ మాటని పట్టుకుని మొదట్లో మేకల్నీ, కుక్కల్నీ, పిల్లల్నీ కూడా మాస్కాట్లుగా పెట్టుకున్నాయి. పిల్లల్ని అని చదివినప్పుడు కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. నాలాంటివాళ్ళన్నమాట. వాళ్ళలో ఎడ్డీ బెన్నెట్ అనే అబ్బాయి ఉన్నాడు. చిన్నప్పుడు దెబ్బ తగిలి గూని వచ్చింది. ఆ గూని తడిమితే కలిసొస్తుందని ఆటగాళ్ళ నమ్మకం. 1919లో చికాగో జట్టు దగ్గర ఉన్నాడు, లీగ్ గెలిచింది. 1920లో బ్రూక్లిన్ దగ్గర ఉన్నాడు, అదీ గెలిచింది. ఫైనల్ సిరీస్‌లో సొంత ఊళ్ళో మూడు మ్యాచ్‌లకి రెండు గెలిచి, మిగతావాటికి క్లీవ్‌లాండ్ వెళ్ళేటప్పుడు ఇతన్ని ఇంటి దగ్గర వదిలేశారట. అక్కడ వరసగా నాలుగూ ఓడి సిరీస్ పోగొట్టుకున్నారు. 1921 నుంచి న్యూయార్క్ యాంకీస్. బేబ్ రూత్ లాంటి వీరుడికి బ్యాటు అందించే పని. 1932లో టాక్సీ గుద్ది కాలు విరిగింది, 1935లో పోయాడు, చిన్న వయసులోనే. అతని బతుకులో అతనికి అచ్చొచ్చినదేమిటో ఎవరూ రాయలేదు.

ఆ తర్వాత మనుషుల బదులు బొమ్మలొచ్చాయి. 1966 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కి విల్లీ అనే సింహం, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కి వాల్డీ అనే పొట్టికాళ్ళ కుక్క. మనకి ఎయిరిండియా మహారాజు 1946 నుంచే ఉన్నాడు. 2002లో రైల్వేలు 150 ఏళ్ళ పండక్కి పచ్చ లాంతరు పట్టుకున్న భోలూ అనే ఏనుగు గార్డుని తెచ్చాయి. అప్పటికి అన్నయ్య రైల్వేలోనే పనిచేసేవాడు, ఆ స్టిక్కరు మా ఫ్రిజ్ మీద చాలాకాలం ఉంది. ఇవన్నీ అదృష్టం కంటే అమ్మకాలకి పనికొచ్చేవి. ఒక రకంగా మంచిదే. బొమ్మ ఏడవదు.

తిరిగి 1983కి. జట్టు వద్దన్నాక నేను ఊరుకోలేదు. నా బదులు ఇంకేదైనా తాయెత్తు వెతికి జట్టుకి ఇస్తే నన్ను మళ్ళీ రానిస్తారేమో అనుకున్నాను. మాఘమాసంలో సముద్రస్నానానికి ఇంటిల్లిపాదీ గోపాలపురం వెళ్ళాం. అక్కడి తీరంలో చేపలు పట్టేవాళ్ళని ఒడియావాళ్ళు నోళియాలంటారు. మాట్లాడేది తెలుగే, మా తెలుగుకంటే చిక్కటి తెలుగు. పెద్దవాళ్ళు మునకలేస్తుంటే నేను ఇసకలో దూరంగా వెళ్ళాను. అక్కడ చచ్చి కొట్టుకొచ్చిన తాబేలు ఒకటి. పెద్దది, నేను రెండు చేతులు చాపితే గానీ పట్టనంత. డిప్ప మీది పెంకులు ఎండకి ఊడి పక్కన పడున్నాయి. అరచెయ్యంత పెంకు ఒకటి తీసి నిక్కరు జేబులో పెట్టుకున్నాను.

వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన చూశాడు. "అది సామి బాబూ. వల్లో పడితే దణ్ణమెట్టి ఒగ్గేస్తాం. నీకెందుకది?" అన్నాడు. ఆ మాటతో నా నమ్మకం ఇంకా గట్టిపడింది. సామి అయితే మరీ మంచిది కదా.

గడప దగ్గర మామ్మ ఆపింది. జేబు ఉబ్బెత్తుగా ఉండటం ఆవిడ కంట పడకుండా ఎలా ఉంటుంది? తీసి చూపించాను. ఆవిడ మొహం మారిపోయింది. "తాబేలు దూరిన ఇల్లు బాగుపడదురా. పారెయ్" అంది.

"శ్రీకూర్మంలో దేవుడు కదా మామ్మా?" అన్నాను. వీలైనప్పుడల్లా ఆవిడ శ్రీకాకుళం బస్సెక్కి శ్రీకూర్మం వెళ్ళొచ్చేది. కూర్మరూపంలో ఉన్న విష్ణువు మూలవిరాట్టుగా ఉన్న గుడి. గుళ్ళో బతికున్న తాబేళ్ళకి తోటకూర కట్టలు తినిపించి వచ్చి ఆ కబుర్లు రెండు రోజులు చెప్పేది.

"గుళ్ళో ఉంటే దేవుడు. గడప దాటితే కాదు."

ఆవిడ తర్కం నాకప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడైనా పూర్తిగా అయిందని చెప్పను. కాకపోతే ఆ పెంకు విషయంలో చట్టం కూడా ఆవిడ వైపే ఉంది. ఆ తాబేళ్ళది వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో సమానమైన హోదా. పెంకు ముక్క ఇంట్లో పెట్టుకున్నా నేరమే.

పారేశానని అబద్ధం చెప్పాను. దొడ్డిగోడ కంతలో దాచి, ఆదివారం చీకటితోనే లేచి చెరువుకి వెళ్ళి, వేపచెట్టు కింద ఇటుక ఎత్తి, కింద గుంట తీసి పెంకు పెట్టి, ఇటుక మళ్ళీ అలాగే పెట్టి వచ్చేశాను. తర్వాత ఇంట్లోనే కూర్చున్నాను. టెన్షన్‌తో అన్నం సయించలేదు. సాయంత్రం అన్నయ్య వాళ్ళు ఈలలు వేసుకుంటూ వచ్చారు. సంక్రాంతికి మమ్మల్ని చిత్తుచేసిన జట్టునే ఓడించారు.

నోరు తెరవబోయాను. ఈలోగా వికెట్ కీపరు నన్ను చూసి నవ్వుతూ అన్నాడు: "చూశావా, నువ్వు రాకపోతే గెలిచాం."

ఏం చెప్పను? పెంకు సంగతి చెబితే మామ్మకి తెలుస్తుంది. చెప్పకపోతే శని అన్న పేరు ఖాయం. మామ్మ పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నోరు మూసుకున్నాను. ఆ రోజు నుంచి నేను రాకపోవడం జట్టుకి అచ్చొచ్చింది.

ఇది ఎక్కడి దాకా వెళ్ళిందంటే, ఆ జూన్ 25న లార్డ్స్‌లో ప్రపంచకప్ ఫైనల్. ఎదురింటివాళ్ళ రేడియో చుట్టూ వీధి వీధంతా మూగింది. మనవాళ్ళు 183కే అవుటయ్యారు. అప్పటిదాకా నేనొక మూల నక్కి వింటున్నాను. ఎవరో చూశారు. "వీణ్ణి బయటికి పంపండ్రా!" అరుగు మీద కూర్చోబెట్టి తలుపు వేశారు. దోమలు కొట్టుకుంటూ లోపలి నుంచి వచ్చే అరుపులని బట్టి ఆట ఊహించుకున్నాను. రిచర్డ్స్ క్యాచ్‌ని కపిల్ పట్టినప్పుడు పుట్టిన అరుపుకి వీధి కుక్కలు మొరిగాయి. 43 పరుగుల తేడాతో గెలిచాం. ఆ విజయంలో కపిల్‌దేవ్ వాటా కపిల్‌దేవ్‌ది, నా వాటా నాది. బయటికొచ్చినవాళ్ళు నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పారు కూడా. తిప్పాక దింపి, లోపల మాత్రం రానివ్వలేదు. మర్నాడు రేడియోలో మళ్ళీ దాని గురించే చెప్తారట, ఎందుకొచ్చిన గొడవ.

ఏళ్ళు గడిచాయి. చెరువు సగం పూడ్చి ఇళ్ళు కట్టారు. వేపచెట్టు లేదు. నేను విశాఖపట్నంలో పడ్డాను. ఇక్కడ మా ఆఫీసులో సగం మంది వేళ్ళకి తాబేలు ఉంగరాలు. తాబేలు తల తమవైపు ఉండాలట, లేకపోతే డబ్బు బయటికి నడిచి వెళ్ళిపోతుందట. గిఫ్టు షాపుల్లో గాజు గిన్నె, అందులో నీళ్ళు, నీళ్ళలో తాబేలు బొమ్మ. ఉత్తరం దిక్కున పెట్టుకోమంటారు. గడప దాటితే కాదు అన్న మామ్మ మాట ఎప్పుడు, ఎవరు కొట్టేశారో నాకు తెలియలేదు. చైనా నుంచి వచ్చిన తాబేలుకి ఆ రూలు వర్తించదేమో.

2018లో భువనేశ్వర్‌లో పురుషుల హాకీ ప్రపంచకప్ జరిగింది. కళింగ స్టేడియం. అన్నయ్య ఫోన్ చేసి "క్వార్టర్ ఫైనల్‌కి టికెట్లు దొరికాయి, రా" అన్నాడు. డిసెంబరు 13, ఇండియాతో నెదర్లాండ్స్. స్టేడియం బయట ఊరంతా ఓలీ. ఆకుపచ్చ తాబేలు, చేతిలో హాకీ కర్ర. ఏడాది ముందు అక్కడే జరిగిన ఏషియన్ అథ్లెటిక్స్‌కీ అదే గుర్తు. ఎందుకో ఒడిశాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. మా గంజాం దగ్గర ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోటా, ఉత్తరాన దూరంగా ఉన్న గహీరమఠ తీరంలోనూ ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఒక్కసారిగా వేలకి వేలు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. 2023లో ఒక్క ఋషికుల్య తీరానికే 6.37 లక్షల తాబేళ్ళు వచ్చాయని లెక్కకట్టారు. రాత్రి ఇసక మీద అడుగు పెట్టడానికి చోటుండదు. 45, 50 రోజులకి పిల్లలు బయటికొచ్చి నీళ్ళవైపు పరిగెడతాయి. నేను జేబులో వేసుకున్న పెంకు ఆ గుంపులో దేనిదో.

ఓలీ వేషంలో ఉన్న కుర్రాడు గేటు దగ్గర అందరితో చేతులు కలుపుతున్నాడు. డిసెంబరే అయినా లోపల ఎంత ఉక్కగా ఉంటుందో అనిపించింది. ఒక తల్లి ఏడుస్తున్న పిల్లాణ్ణి ముందుకి తోసి ఆ పెద్ద మెత్తటి చెయ్యి వాడి నెత్తిన పెట్టించి ఫోటో తీసింది. వాడు ఇంకా గట్టిగా ఏడ్చాడు.

మ్యాచ్‌లో మనమే ముందు గోలు కొట్టాం. స్టేడియం ఊగిపోయింది. తర్వాత వాళ్ళు సమం చేశారు, ఆఖరి క్వార్టర్‌లో ఇంకోటి కొట్టారు. 2–1. జనం మెల్లగా లేచి వెళ్తున్నారు. ఓలీని ఎవరూ ఏమీ అనలేదు. అతను ఇంకా గేటు దగ్గరే చేతులు ఊపుతున్నాడు, పిల్లలు ఇంకా ఫోటోలు దిగుతున్నారు.

అన్నయ్య మాత్రం నావైపు చూశాడు. ముప్ఫై ఆరేళ్ళయినా ఆ చూపు నాకు కొత్త కాదు.

"నిన్ను పిలవడం నాదే తప్పురా" అన్నాడు.

ఇద్దరం అక్కడే మెట్ల మీద కూర్చుని నవ్వాం. అప్పుడు చెప్పాను, పెంకు సంగతి. గోడ కంత, చీకటి, ఇటుక, అన్నీ. అన్నయ్య చాలాసేపు ఏమీ అనలేదు. ఏదైనా మెత్తటి మాట అంటాడేమో అనుకున్నాను.

"దొంగవెధవా, ఆ ముక్క అప్పుడే చెప్పొద్దూ? మరుసటేడు సంక్రాంతి మ్యాచ్ కూడా ఓడిపోయాం కదరా" అన్నాడు.

బయట దుకాణంలో తన మనవరాలికి ఓలీ బొమ్మ కొన్నాడు. బరంపురం చేరేసరికి రాత్రి రెండు. వదిన తలుపు తీసి, నా చేతిలో ఉన్నది చూసి అక్కడే నిలబడిపోయింది. మామ్మ పోయి చాలా ఏళ్ళయినా ఆవిడ మాటలన్నీ వారసత్వంగా వదినకి వచ్చాయి, వెండి కుంకుమభరిణతో పాటు.

"తాబేలాండీ? ఇంట్లోకా?" అంది.

"ఓడిపోయాం" అన్నాడు అన్నయ్య, చెప్పులు విడుస్తూ. "ఈ ఇద్దరిలో ఎవరి కాలు మంచిది కాదో తేలలేదు. ఇద్దర్నీ లోపలికి రానీ."